మొదటి కాన్పుకి ఇంజెక్షన్ అక్కర్లేదని పంపేవాళ్లకి

నెగెటివ్ బ్లడ్ గ్రూపు ఆడవాళ్ల కాన్పుల గురించిన ఆ మెసేజ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులో రెండుసార్లు, ఆఫీసు ఫ్రెండ్ ఒకసారి, నిన్న మా పిన్ని "జాగ్రత్తమ్మా" అంటూ. నా బ్లడ్ గ్రూపు ఓ నెగెటివ్, ఇద్దరు పిల్లల తల్లిని, ఇక ఊరుకోలేను.

భార్యాభర్తలది ఒకే గ్రూపైతే పిల్లలు జబ్బుతో పుడతారట. అబద్ధం. నెగెటివ్ అమ్మాయిని కోడలిగా తెచ్చుకోవద్దట. సిగ్గుండాలి.

అసలు ప్రమాదం మూడో పాయింటు: "మొదటి బిడ్డకి ఏమీ కాదు, ఆంటీ-డి ఇంజెక్షన్ డబ్బు గుంజడానికే." మొదటి బిడ్డ చాలావరకు బాగానే పుడుతుంది, నిజమే. ఇంజెక్షన్ ఖరీదూ ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ పాజిటివ్ బిడ్డ రక్తం ఎక్కువగా నెగెటివ్ తల్లిలో కలిసేది కాన్పులోనే కదా, అది మొదటిదైనా సరే! ఆ రక్తాన్ని పరాయిదనుకుని తల్లి ఒంట్లో అప్పుడు పుట్టిన యాంటీబాడీలు (ఎదురుదాడి చేసే పదార్థాలు) తర్వాతి పాజిటివ్ బిడ్డ ఎర్రకణాల్ని విరిచేస్తాయి, దాంతో బిడ్డకి కామెర్లు వస్తాయి. అవి పుట్టకుండా ఆపేదే ఆంటీ-డి. అందుకే 28వ వారంలో ఒకటి, పుట్టిన బిడ్డ పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు ఇంకొకటి వేస్తారు. యాంటీబాడీలు వచ్చేశాక ఎన్ని వేసినా లాభం లేదు. 1968 నుంచి వాడుతున్న మందిది. ఈ మందు తయారీకోసమే ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన 1100 సార్లకు పైగా ప్లాస్మా (రక్తంలోని ద్రవం) దానమిచ్చారు. ఆయన కూడా డబ్బు గుంజడానికే ఇచ్చారా?

మా మరదలికి మొదటిది అబార్షన్. అప్పుడూ ఇంజెక్షన్ కావాలని ఎవరూ చెప్పలేదు. తర్వాత పుట్టిన పాప తెల్లారేసరికి అరికాళ్ల దాకా పసుపు. కళ్లకి గుడ్డ కట్టి నీలి లైటు కింద పెట్టినా తగ్గక, బొడ్డు దగ్గర సన్నటి గొట్టం వేసి సిరంజితో కొంచెం తీయడం, కొంచెం ఎక్కించడం, అలా రక్తమంతా మార్చారు. ఆలస్యమైతే ఆ పసుపు మెదడుకెక్కి వినికిడి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

"ఎండలో పడుకోబెడితే చాలు" అన్న పాయింటు పూర్తిగా తప్పు కాదు. 1950ల్లో ఇంగ్లండ్‌లో ఒక నర్సు, ఎండ తగిలిన పిల్లల్లో పసుపు తగ్గడం గమనించాకే ఈ లైటు వైద్యం వచ్చింది. కానీ మొదటి 24 గంటల్లోనే కామెర్లు కనిపిస్తే బాల్కనీలోకి కాదు, ఆసుపత్రికి పరిగెత్తాలి.

పిన్నీ, కోడలిది బి నెగెటివ్, ఏడో నెల అన్నావు. ఈ వారమే కూంబ్స్ టెస్ట్ (ఆ యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూసే రక్తపరీక్ష) చేయించి, ఇంజెక్షన్ గురించి డాక్టర్ని అడుగు. రిపోర్టు రాగానే నాకు ఫోన్ చెయ్యి.