సుంకి ఘాటీ లారీ, ఆకాశంలో పైలట్, ఒక ఫార్వర్డు

"పైలట్ ఉద్యోగమంటే చావుతో చెలగాటం. మీ పిల్లల్ని పంపకండి. పది మందికి షేర్ చేయండి." ఈ వారంలో ఈ మెసేజ్ నాకు రావడం ఐదోసారి. నాలుగుసార్లు ఊరుకున్నాను. ఐదోది రాయగడ నుంచి మా పిన్ని పంపింది. ఆవిడ మనవరాలు ప్లస్ టూ సైన్సు చదువుతోంది, పైలట్ అవుతానంటోంది. పిల్ల మనసు మారితే చీర పెడతానని పిన్ని మజ్జిగౌరమ్మకు మొక్కుకుందట. ఇక ఆగలేకపోయాను. ఆ మెసేజ్‌లోని మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

"ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడుతుంది." పడదు. 2001లో అట్లాంటిక్ మీద ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిన విమానాన్ని పైలట్లు వంద కిలోమీటర్లకు పైగా గాలిలో జార్చుకుంటూ తెచ్చి అజోర్స్ దీవుల్లో దించారు. 306 మందీ బతికారు.

"రిటైరైన ఏడాదికే పోతారు." ఏ ఊళ్లో? మన దగ్గర 65 ఏళ్ల దాకా నడపనిస్తారు, అరవై దాటితే ఆరు నెలలకోసారి మెడికల్ పరీక్ష పాసవ్వాలి. అలాంటివాళ్లు ఏడాదికే పోతారా?

"రేడియేషన్." ఇది ఉంది, కాదనను. అంత ఎత్తున ఎగిరే పైలట్లకు ఏడాదికి సుమారు 2 నుంచి 5 మిల్లీసీవర్టులు (రేడియేషన్ కొలత) పడుతుంది. రేడియేషన్‌తో పనిచేసేవాళ్లకు పెట్టిన పరిమితి ఏడాదికి సగటున 20.

ఇక అసలుది, పిన్నిని భయపెట్టింది: "అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం అత్యంత ప్రమాదకర వృత్తుల్లో పైలట్ ఒకటి." అంకె నిజమే. 2022లో అక్కడ పనిలో చనిపోయిన పైలట్లు, ఫ్లైట్ ఇంజనీర్లు లక్షకు 35.9. అన్ని ఉద్యోగాలూ కలిపితే 3.7. కానీ ఆ లెక్కలో పైలట్ అంటే ఎవరు? అలాస్కా మంచుకొండల మధ్య బుల్లి విమానంలో సరుకు మోసేవాడు, చెట్టంత ఎత్తున ఎగురుతూ చేలకు మందు కొట్టేవాడు, హెలికాప్టరు వాడు. ఎయిర్‌లైన్స్ కెప్టెనూ అందులోనే. 2009 ఫిబ్రవరి తర్వాత దాదాపు 16 ఏళ్ల పాటు అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్స్ ప్రయాణికుల విమానం కూలి పైలట్ పోయింది లేదు. ఆ 2022 కూడా ఈ పదహారేళ్లలోదే.

మా బావ పాతికేళ్లు సాలూరు, కోరాపుట్ మధ్య లారీ తోలాడు. దారిలో సుంకి ఘాటీ కొండ దిగుతుంటే బ్రేకు లైనర్లు కాలిన వాసన కేబిన్ అంతా నిండేది. పొగమంచు పడితే క్లీనరు దిగి టార్చి పట్టుకుని ముందు నడిచేవాడు. కలెక్టరు గారి కారు తోలేవాడూ డ్రైవరే. ఇద్దర్నీ కలిపి సగటు తీసి, ఆ కాగితం కలెక్టరు డ్రైవరు పెళ్లాం చేతిలో పెడితే ఎలా ఉంటుంది? అన్నట్టు, మూడోసారి ఈ మెసేజ్ పంపింది ఆ బావే. కిందటేడు కొడుక్కి లారీ కొనిచ్చాడు. 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. దాని మీద ఫార్వర్డు ఏదీ, బావా?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. భయపడాల్సింది ఉద్యోగానికి కాదు, చదువుకి. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లాలో శిక్షణ విమానం కూలి ట్రైనీ పోయింది. 2023 మార్చిలో గోండియా నుంచి లేచిన శిక్షణ విమానం బాలాఘాట్ కొండల్లో కూలి ఇద్దరు పోయారు. లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, అదీ ఎక్కువగా అలాంటి చిన్న విమానాల్లోనే. ఫ్లయింగ్ స్కూలు ఫీజు అడిగే ముందు అక్కడి విమానాల సంగతి, ప్రమాదాల సంగతి అడగాలి.

పిన్నికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మొక్కు మార్చుకుంది. ఆ 200 గంటలు క్షేమంగా గడిస్తే చీర. ఈసారి జాకెట్టు ముక్క కూడా కలిపింది.