పోస్ట్‌డాక్ బావగారికి వియ్యంకుడు రాయు లేఖ

మహారాజశ్రీ పోస్ట్‌డాక్ బావగారి సముఖానికి,

విజయనగరం జిల్లా గరివిడి నుంచి మీ వియ్యంకుడు నమస్కరించి రాయునది. పీహెచ్‌డీ అయ్యాక దొరికే టెంపరరీ పరిశోధన ఉద్యోగాన్నే పోస్ట్‌డాక్ అంటారట, మా పాపని ఆ ఇంటికే ఇచ్చాం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం నేను అడగక్కర్లేదు. ఏ దేశం బడ్జెట్ కోసినా కోత పడేది మా పిల్లలకే గానీ మీ మీద ఈగ కూడా వాలదు.

వియ్యమందుకుని ఇన్నేళ్ళయినా మీ ముఖం నేను చూడలేదు. పెళ్ళిచూపులు జూమ్‌లో అయిపోయాయి. అటు జర్మనీలో నలుగురు పెద్దలు, ఇటు పైన కోటూ కింద నైట్ ప్యాంటూ వేసుకున్న మా పాప. కరెంటు పోతుందేమోనని నేను ఇన్వర్టర్ పక్కన కాపలా. మీవాళ్ళు కట్నం మాట ఎత్తలేదు. ఎంత మర్యాదస్తులో అని మా ఆవిడ పొంగిపోయింది. లాంఛనాల జాబితా తరవాత తెలిసింది. ముగ్గురు పెద్దమనుషుల సిఫారసు ఉత్తరాలు, పేరున్న జర్నళ్ళలో పేపర్లు, రాబోయే అయిదేళ్ళలో ఏం కనిపెట్టబోతోందో ముందే రాసివ్వాల్సిన రీసెర్చ్ ప్లాను. రెండేళ్ళ ఉద్యోగానికి అయిదేళ్ళ ప్లాను ఎందుకమ్మా అని అడిగాను. “అదంతే నాన్నా” అంది. కొత్త కోడలు అప్పుడే అత్తారింటిని వెనకేసుకొస్తోందని ఊరుకున్నాను.

ఇక అల్లుడు. పేరు ప్రాజెక్టు. మంచి కుటుంబం, నిధులున్నవాడు. ఒక్కటే లోపం, ఆయుర్దాయం రెండేళ్ళని జాతకంలోనే రాసుంది. తెలిసీ పిల్లనిచ్చాం, తప్పు మాదే అనుకోండి. కానీ మొదటి ఏడాది ఇల్లు వెతుక్కోవడానికీ, బ్యాంకు ఖాతా తెరవడానికీ, ల్యాబ్‌లో మిషను రిపేరు అవడానికీ సరిపోతే, రెండో ఏడాదంతా తరవాతి సంబంధం వెతుక్కోవడానికి పోతుంది. మధ్యలో సైన్సు ఎప్పుడు చేస్తున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. చేస్తున్నారు, అదీ వింతే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మేస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. పీఆర్‌సీలూ డీఏలూ లెక్కపెట్టుకుంటూ బతికిన ప్రాణం. అందుకని పాప జీతం గురించి వివరంగా అడిగాను. జర్మనీలో ఈ-13 అనే స్కేలట. జీతం బాగానే ఉంది, కాదనను. పర్మనెంటు వాళ్ళ స్కేలే ఇస్తారు, సర్వీసు మాత్రం ఇవ్వరు. అక్కడ 2007 నుంచి ఒక చట్టం ఉంది. పీహెచ్‌డీకి ముందు ఆరేళ్ళు, తరవాత ఆరేళ్ళు యూనివర్సిటీల్లో టెంపరరీగా పెట్టుకోవచ్చు. ఆ లోపు ప్రొఫెసరు కుర్చీ దొరికితే దొరికినట్టు. లేకపోతే బయటి నిధులతో ఏదైనా ప్రాజెక్టు పట్టుకుని వేలాడాలి, లేదా నమస్కారం పెట్టి బయటికి నడవాలి.

ఈ చట్టం ఎంత గొప్పదో వివరిస్తూ అక్కడి విద్యా పరిశోధన శాఖ ఒక బొమ్మల వీడియో కూడా తీసింది. అందులో హన్నా అనే జీవశాస్త్ర పరిశోధకురాలు. టెంపరరీ ఉద్యోగాలుంటేనే మంచిదట, లేకపోతే ఒకే తరంవాళ్ళు పోస్టులన్నిట్లో పాతుకుపోయి వ్యవస్థ మూసుకుపోతుందట. 2021లో అక్కడి పరిశోధకులకి ఒళ్ళు మండి, “నేనే హన్నా” అని వేల మంది తమ కథలు రాసి పడేశారు. వీడియో తీసేశారు. చట్టం తీయలేదు. బావగారూ, నేనూ ముప్పై ఏళ్ళ పైచిలుకు ఒకే ఉద్యోగంలో పాతుకుపోయినవాణ్ణే. మా స్కూలు మూసుకుపోలేదు. పిల్లలకి మ్యాపులో వంశధార ఎక్కడుందో, నాగావళి ఎక్కడుందో తెలిసింది, అంతే జరిగిన నష్టం.

జర్మనీలో మొదటి సంబంధం తీరాక ప్రొఫెసరుగారు పాపని అక్కడే ఉంచుకుందామనుకున్నాడు. ల్యాబ్ అక్కడే, శాంపిళ్ళు అక్కడే, సగం అయిన పనీ అక్కడే. యూరప్‌లో మేరీ క్యూరీ పేరు మీద ఇచ్చే ఫెలోషిప్పుకి రాయమన్నాడు. నిబంధన చూస్తే, గడువు తేదీకి ముందు 36 నెలల్లో 12 నెలలకి మించి ఆ దేశంలో ఉన్నవాళ్ళు ఆ దేశంలో పనిచేస్తామని అడగకూడదట. అంటే, ఒకచోట కుదురుకున్నవాళ్ళు అనర్హులు. దీని ముద్దుపేరు మొబిలిటీ. దాంతో పాప నార్వేలో పనిచేస్తానని రాసింది, ఫెలోషిప్పు వచ్చింది, వెళ్ళింది. శాంపిళ్ళు జర్మనీలో ఉండిపోయాయి. ఇప్పుడు ఏదైనా రాయి చూడాలంటే విమానం ఎక్కి వెళ్ళి చూసొస్తుంది. కుదురుగా ఒకచోట ఉండటం మీ వంశంలో దోషమని మాకు పెళ్ళికి ముందే చెప్పాల్సింది. మా వైపు అది గుణం.

ప్రయాణాలకి నేను వ్యతిరేకిని కాను. పాప చదువుతున్న సంగతే అలాంటిది. మా కొండల్లో ఉన్న రాయిని ఖోండలైట్ అంటారు. కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే ఆయన పెట్టిన పేరు. కోణార్క గుడి కట్టింది ఎక్కువగా ఈ రాయితోనే. దాదాపు 100 కోట్ల ఏళ్ళ కిందట మా తూర్పు కనుమలూ తూర్పు అంటార్కిటికాలో ఒక భాగమూ ఒకే పర్వతశ్రేణి. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాయి. గరివిడి కొండ కథలో సగం పేజీలు అక్కడ మంచు కింద ఉన్నాయన్నమాట. అందుకే మన దేశం కూడా 2012లో అక్కడ భారతి అనే స్టేషను పెట్టుకుని పనిచేస్తోంది. రాయిలో ఇసుక రేణువు కంటే చిన్నగా జిర్కాన్ అనే ఖనిజం ఉంటుంది, అందులో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి రాయి వయసు చెబుతారు. ఆ మిషన్లు మంచివి మీ దేశాల్లో ఉన్నాయి. వెళ్ళాలి, చూడాలి, నేర్చుకోవాలి. వెళ్ళడానికీ, వెళ్ళగొట్టించుకోవడానికీ తేడా ఉంది కదా బావగారూ. 100 కోట్ల ఏళ్ళ లెక్క తేల్చే మిషనున్న ఇంట్లో, పని సగంలో ఉందన్న లెక్క ఒక్కరికీ తెలియదా?

ఇక్కడ మీకో పాత సంగతి గుర్తు చేయాలి. మా జిల్లాలో 1892లోనే మాంగనీసు తవ్వడం మొదలైంది, దేశంలో అదే మొదలు. ఆ గనులు చూడటానికి లూయిస్ ఫెర్మర్ అనే ఇంగ్లీషాయన వచ్చాడు. 1902లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరాడు. మా కోడూరు గనిలో దొరికిన రాయికి కోడూరైట్ అని పేరు పెట్టాడు. దేశంలోని మాంగనీసు మీద 1909లో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. చివరికి ఆ సంస్థకి డైరెక్టరై రిటైరయ్యాడు. ఆయన వచ్చింది కూడా పరాయి దేశానికే. కానీ ఆయన్ని రెండేళ్ళకోసారి “నువ్విక బర్మా వెళ్ళు, ఇక్కడ 12 నెలలు దాటింది” అని ఎవరూ తరమలేదు. ఒకే రాయిని ఏళ్ళ తరబడి చూసే తీరిక ఇచ్చారు. కిందపడితే పట్టుకోవడానికి సర్కారు ఉద్యోగం ఉంది, చివర్లో పింఛను ఉంది. తెల్లదొర మా ఊరి రాయి మీద పర్మనెంటుగా బతికాడు. మా ఊరి పిల్ల అదే రాయి మీద మీ ఊళ్ళో కాంట్రాక్టులో బతుకుతోంది. దీన్ని మీవాళ్ళు ఎక్సలెన్స్ అంటున్నారు. వలస పాలన పోయిందని నేనే క్లాసులో పాఠం చెప్పాను, పిల్లలు నోట్సు కూడా రాసుకున్నారు.

పోనీ అమెరికాలో మీ అన్నగారింటికి ఇద్దామా అంటే, అక్కడి మర్యాదలు వేరు. జే-1 వీసా మీద వెళితే కొందరికి మళ్ళీ రెండేళ్ళు సొంత దేశంలో ఉండి తీరాలన్న షరతు. హెచ్-1బీ అంటే, బయటి నుంచి కొత్తగా తెచ్చుకునేవాళ్ళ మీద 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. రాళ్ళు చూసే పిల్ల కోసం లక్ష డాలర్లు కట్టే యూనివర్సిటీ ఉంటే చెప్పండి, మేమే పసుపు బట్టలు పెట్టి తీసుకొస్తాం.

మరి ఇంటికి వచ్చేయొచ్చు కదా అంటారు. అదీ ఆలోచించాం. జియలాజికల్ సర్వేలో జియాలజిస్టు పోస్టుకి యూపీఎస్సీ పరీక్ష రాయాలి. జనరల్‌లో 32 ఏళ్ళు దాటకూడదు. మీ ఇంట్లో రెండు కాంట్రాక్టులు చేసి, మిషన్లన్నీ నేర్చుకుని, సరిగ్గా దేశానికి పనికొచ్చే వేళకి వయసు చెల్లిపోతుంది. ఇక మిగిలింది ఇక్కడున్న మీ తమ్ముళ్ళు, ఇన్‌స్పైరూ రామానుజనూ అనే ఫెలోషిప్పులు. ఇద్దరూ బుద్ధిమంతులే, ఇద్దరి ఆయుర్దాయమూ అయిదేళ్ళే. ఆ తరవాత పోస్టు పడితే పడుతుంది. మా వైపు యూనివర్సిటీల్లో ఆచార్యుల పోస్టులకి నోటిఫికేషన్ వస్తుందని ఎదురుచూసిన వాళ్ళ పిల్లలు కూడా ఇప్పుడు ఎదురుచూస్తున్నారు. ఇందులో మీ పాత్ర లేదు, ఇది మా ఇంటి గుట్టు. కానీ వియ్యంకుడి దగ్గర దాచేదేముంది.

పక్క జిల్లా శ్రీకాకుళంలో ఉద్దానం అని ఒక ప్రాంతం ఉంది. కొబ్బరి, జీడిమామిడి, పనస. పచ్చగా ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చెట్లని పడగొట్టింది, అయినా జనం మళ్ళీ లేచారు. లేవనివ్వనిది కిడ్నీ జబ్బు. ఊళ్ళకి ఊళ్ళు డయాలసిస్‌కి తిరుగుతున్నాయి. నీళ్ళా, మట్టా, ఎండలో పనా, మందులా, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్ళు తెచ్చారు, మంచిదే. పాపతో చదువుకున్న అబ్బాయి ఒకడు భూగర్భ జలాల రసాయనశాస్త్రంలో దిట్ట. వాడు ఇప్పుడు ఫిన్లాండులో సరస్సుల నీళ్ళు పరీక్షిస్తున్నాడు. ఆ సరస్సులకి ఏ జబ్బూ లేదని వాడే చెప్పాడు. సెలవుల్లో వచ్చినప్పుడు సోంపేట వైపు బావుల నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళాలనుకున్నాడు. ప్రాజెక్టు అల్లుడుగారు ఒప్పుకోలేదు, ప్రపోజల్లో ఉద్దానం లేదుగా.

ఊళ్ళో నా పరిస్థితి కూడా వినండి. కిరాణా కొట్టు దగ్గర నిలబడితే చాలు, “ఏటి మేస్టారూ, పాప సదువు ఇంకా అవ్వలేదేటి?” అంటారు. అయిపోయింది, డాక్టరేట్ వచ్చింది అంటే, “మరి ఉద్జోగం?” ఉద్యోగమే చేస్తోంది. “పర్మనెంటేనా?” ఇక్కడ నేను చీటీ తీసి పప్పు ధర అడుగుతాను. అసలు సిసలు పెళ్ళి సంబంధాలు కూడా వస్తుంటాయి. అమ్మాయి ఏ ఊళ్ళో ఉంటుందండీ అని మొదటి ప్రశ్న. వచ్చే మార్చి వరకైతే చెప్పగలనండీ అంటాను. ఆ తరవాత ఫోన్లు రావు. పాపకి ఇష్టమైన అబ్బాయి ఒకడు ఉన్నాడని మా ఆవిడ అనుమానం. ఉంటే అతను ఇంకో ఖండంలో ఇంకో పోస్ట్‌డాక్ బావగారి ఇంట్లో ఉండి ఉంటాడు. మీరూ మీరూ మాట్లాడుకుని ఇద్దర్నీ ఒక ఊళ్ళో పెట్టగలరేమో చూడండి. మేం కులం అడగం, గోత్రం అడగం, కాంట్రాక్టు ముగిసే తేదీ ఒక్కటే అడుగుతాం.

కాబట్టి పెద్దమనుషుల్లో పెట్టకుండానే తేల్చుకుందాం. కోడల్ని పువ్వుల్లో పెట్టి చూడమని అడగడం లేదు. మొదలుపెట్టిన రాయి పూర్తయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉండనివ్వండి. అది రెండేళ్ళలో అయ్యేది కాదని మీ ఇంట్లో అందరికీ తెలుసు. అంత కాలం పోషించలేమనుకుంటే, పెళ్ళిచూపుల్లోనే “మా దగ్గర ఇన్ని కుర్చీలే ఉన్నాయమ్మా, నీలాంటి వాళ్ళు ఇంతమంది ఉన్నారు” అని చెప్పండి. 32 దాటకముందే ఏదో ఒక దారి చూసుకుంటారు. జవాబు రాసేటప్పుడు “ఈసారి దరఖాస్తులు చాలా ఉన్నత ప్రమాణాలతో వచ్చాయి” అని మాత్రం మొదలుపెట్టకండి. అలాంటి ఉత్తరాలు పాప అలమరలో ఫైలు నిండా ఉన్నాయి. మా ఆవిడ అవి మెచ్చుకోలు ఉత్తరాలనుకుని జాగ్రత్తగా దాచింది.

ఇట్లు,
మీ వియ్యంకుడు,
రిటైర్డ్ సోషల్ మేస్టారు, గరివిడి

తా.క.: చెల్లెమ్మ వీసా గారిని అడిగానని చెప్పండి. పాప పాస్‌పోర్టు రెన్యువల్ పేరుతో ఆవిడ దగ్గరే ఉండిపోయింది. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. అప్పటికైనా ఇచ్చేస్తే టికెట్ కొంటాను. రేట్లు ఇప్పటికే పెరిగిపోతున్నాయి.