కలుపు గింజకు మూడేళ్ల గడువు తెలియదు

కలుపు పరిశోధనకు ప్రజల డబ్బెందుకు, కలుపు మందుల కంపెనీలు ఉన్నాయిగా అంటారు. డబ్బాలో పోసి అమ్మగలిగే దాని మీదే కంపెనీ ఖర్చుపెడుతుంది, అది దాని వ్యాపారం. రైతుకు కావాల్సింది చాలావరకు డబ్బాలో పట్టదు.

విత్తకముందే కలుపును మొలిపించి చంపే పద్ధతి చూడండి. దుక్కి చేసి, చదును చేసి, విత్తకుండా ఒక తడి ఇవ్వాలి. పది పద్నాలుగు రోజుల్లో పైపొర గింజలు మొలుస్తాయి. రెండు మూడాకుల మీద ఉండగా పైపైన గుంటక తోలి, ఆ తర్వాత విత్తాలి. గుంటక ఐదు సెంటీమీటర్లు దాటి దిగిందంటే అడుగున పడి ఉన్న గింజలు పైకొస్తాయి, పడ్డ కష్టమంతా మట్టిపాలు. తుంగకైతే ఇది చాలదు, గడ్డ మళ్లీ చిగురేస్తుంది. ఏ నేలకు ఎన్నాళ్లు ఆగాలో ఏళ్ల తరబడి మళ్లలో మొక్కలు లెక్కపెడితేనే తేలుతుంది. తేలాక అది అందరిదీ. దాన్ని ఎవరు ఎవరికి అమ్ముతారు?

ఆస్ట్రేలియాలో నాగజెముడు కోట్ల ఎకరాలు మింగేస్తే, 1920లో ప్రభుత్వాలు బోర్డు వేసి దాన్ని తినే పురుగుల్ని వెతికించాయి. 1925లో అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ చిమ్మట గుడ్లు వచ్చాయి. 1930ల తొలి ఏళ్లకే జెముడు చాలావరకు కుళ్లి కూలిపోయింది. అదే చిమ్మటను 1957లో కరీబియన్ దీవుల్లో వదిలితే 1989కి ఫ్లోరిడా చేరి అక్కడి స్థానిక జెముళ్లను తినసాగింది. పురుగు ఇంకేం తింటుందో వదిలే ముందు చేసే పరీక్షలకూ ప్రజాధనం కావాలనేది అందుకే.

ఇక మందుకు లొంగని కలుపు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు 1974లో మార్కెట్లోకి వచ్చింది, దానికి లొంగని రైగ్రాస్ అనే గడ్డి కలుపు 1996లో ఆస్ట్రేలియాలో బయటపడింది. అనుమానం వచ్చిన చేలో, మందు తగిలినా బతికిన మొక్కల గింజలు ఏరి కుండీల్లో మొలిపించాలి. సగం, పూర్తి, రెండింతలు, నాలుగింతలు మోతాదుల్లో కొట్టి మూడు వారాలకు బతికినవి లెక్కించాలి. పక్కనే మందుకు చచ్చే రకం కుండీలు లేకపోతే ఆ లెక్క దేనికీ పనికిరాదు, పిచికారీ లోపమో కలుపు మొండితనమో తెలియదు. తన మందు పనిచేయడం లేదని వెతికి చెప్పే పని అమ్మేవాడి మీద వదలకూడదు.

అన్నిటికంటే నాకు మండేది మూడేళ్ల ప్రాజెక్టులు. గింజ నేలలో ఎన్నేళ్లు బతుకుతుందో చూడాలని 1879లో అమెరికాలోని మిచిగన్‌లో వృక్షశాస్త్రవేత్త విలియం బీల్ ఇరవై సీసాల్లో గింజలు, ఇసుక కలిపి పాతిపెట్టారు. 2021లో తవ్విన సీసాలోనూ కొన్ని మొలిచాయి. నేలలో గింజలు అన్నేళ్లు కాచుకుని ఉంటే, మూడో పంట కోతకే నిధులు ఆపి, మడి దున్నేసి, లెక్కపెట్టే మనిషిని ఇంటికి పంపేస్తున్నారు. కనీసం పదేళ్లు కదలని మళ్లు, వాటికి పర్మినెంటు సిబ్బంది, గింజలు పంపితే వచ్చే విత్తు లోపు ఫలితం చెప్పే ల్యాబులు కావాలి. బడ్జెట్‌లో ముందు వీటికి డబ్బు పెట్టండి.