కూలెంట్ దారిలో కాపురం పెట్టిన గాలి బుడగ గారికి

మహారాజశ్రీ గాలి బుడగ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మీరు కుశలంగా ఉన్నన్నాళ్లూ నా బండికి కుశలం లేదు.

బైకు ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్ అనే ద్రవాన్ని చల్లార్చే రేడియేటర్ మార్చింది నేనే. పాతది బీచ్ రోడ్డు ఉప్పుగాలికి చివికిపోయి, వేలు తగిలితే రేకులు రాలిపోయే స్థితికి వచ్చింది. బండి కింద పచ్చటి మడుగు చూసి మా అమ్మ "గోరింటాకు ఇక్కడెవరు రుబ్బార్రా?" అంది. వీధి కుక్క మూతి పెట్టబోతే తరిమి నేల కడిగాను. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కిడ్నీలు మాత్రం మిగల్చదు.

"వదిలీయండి బాబూ, సాయంత్రానికి ఇచ్చేస్తాను" అన్నాడు మెకానిక్. నేను వింటేనా! ఆదివారం పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మూత తిప్పాను. వేడి మీద తిప్పితే మరిగే కూలెంట్ మొహాన కొడుతుంది, ఆ మాత్రం తెలుసు. వాటర్ పంపు దగ్గరి డ్రెయిన్ బోల్టు విప్పి పాతదంతా బేసిన్‌లోకి దించాను. బోల్టుకి కొత్త వాషర్ వేశాను. మా నాన్న బకెట్‌తో కుళాయి నీళ్లు తెస్తే, లోపల గార కడుతుందని ఉపన్యాసమిచ్చి వెనక్కి పంపాను. డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం కలిపి, చుక్క ఒలక్కుండా పోశాను.

బండి పుస్తకంలో లీటరు పడుతుందని ఉంది. ముప్పావు లీటరుకే అంచుదాకా నిండింది. పావు లీటరు మిగిలిందని సంబరపడ్డాను చూడండి, అది తమరికి నేను చేతులారా రాసిచ్చిన ఇనాం భూమి!

సరే, కొత్త రేడియేటర్ కదా, సింహాచలం అప్పన్న దర్శనం చేయిద్దామని బయల్దేరాను. హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఫ్యాన్ హోరు మొదలైంది. అడవివరం చేరేసరికి ఇంజన్ వేడెక్కిపోయిందని మీటర్లో ఎర్ర లైటు. పంపు కూలెంట్‌ని తోస్తుంది గానీ తమరిని తోయలేదు కదా. ఫైలు మీద కూర్చున్న గుమాస్తాలా తమరు కదలరు, వెనకున్నవాడు మరిగిపోతాడు. ఏడాదిలో ఒక్కరోజు తప్ప చందనం పూతలో చల్లగా ఉండే స్వామి కొండ కింద, చెట్టు నీడన నిలబడి, నేను హెల్మెట్‌తో బండికి విసురుతున్నాను. దారిన పోయే ఒకావిడ "ఏటి బాబూ, మొక్కా?" అని అడిగింది.

సాయంత్రం బండి చల్లారాక తమరి మీదికి వచ్చాను. ముందు చక్రం రెండు ఇటుకల మీదికెక్కించి, మూత తీసి ఇంజన్ స్టార్ట్ చేసి, రబ్బరు పైపులు పిసుకుతూ కూర్చున్నాను. చాలాసేపు తమరు ఉలకలేదు, పలకలేదు. ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌కి దారి వదిలే థర్మోస్టాట్ తెరుచుకోగానే గుబుక్ గుబుక్‌మని బయటికొచ్చారు. మట్టం దిగిపోయింది. పొద్దున్న మిగిలిందనుకున్న పావు లీటరూ చుక్క లేకుండా లోపలికి పోయింది. మూత బిగించి, రిజర్వాయర్‌లో రెండు గీతల మధ్యకి నింపాను. మర్నాడు పొద్దున్న మళ్లీ చూశాను, మట్టం కదల్లేదు.

ఒక్క చిన్న సంగతి. నేను అడవివరంలో ఆగిన ముచ్చట తెలియని పక్కింటి మావయ్యగారు, తన బండి రేడియేటర్ కూడా నన్నే మార్చమన్నారు. వచ్చే ఆదివారం. తమరు మళ్లీ దయచేసేటట్టయితే ఇటుకలు అక్కడే ఉంచుతాను.

ఇట్లు,
తమరి మాజీ ఇంటి ఓనరు