మాకు నాలుగేళ్ల బోనఫైడ్, వాళ్లకు ఒక్క పేజీ జీవో

మొన్న శుక్రవారం మా మేనకోడలిని బండి మీద ఎక్కించుకుని హన్మకొండలో ఒక ఆఫీసుకు పోయాను. పని చిన్నదే, ఉద్యోగం వెరిఫికేషన్‌కు బోనఫైడ్, అంటే ఫలానా బడిలో చదివిందని ఇచ్చే సర్టిఫికెట్. పిల్ల ఒకటి నుంచి మూడు దాకా ములుగు దగ్గర నాయనమ్మ ఊళ్లో చదివింది. నాలుగు నుంచి ఏడు దాకా హన్మకొండలో ఒక ప్రైవేటు బడిలో. ఆ బడి కరోనా తర్వాత మూతపడింది. ఇప్పుడు ఆ బిల్డింగులో టిఫిన్ సెంటర్ నడుస్తోంది, ప్రేయర్ జరిగే చోట దోసెల పెనం పెట్టారు.

2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి లోపల నాలుగేళ్లు ఎక్కడ చదివితే సర్కారు ఉద్యోగాలకు అక్కడ లోకల్. మా పిల్లకు ఆ నాలుగేళ్లూ ఆ మూతపడ్డ బడిలోనే ఉన్నాయి. ఆఫీసులో క్లర్కు చెడ్డవాడేం కాదు. బీరువా తెరిచి, గుడ్డ మూట విప్పి, అడ్మిషన్ రిజిస్టర్లు ఒక్కొక్కటే దులిపి వెతికాడు. దుమ్ముకు నాలుగుసార్లు తుమ్మాడు కూడా. చివరికి "ఆ బడి రికార్డులు మా దాకా రాలేదమ్మా, కరస్పాండెంట్ సార్‌నే పట్టుకోండి" అన్నాడు. ఆ సార్ ఫోను స్విచ్చాఫ్. పిల్ల బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, "మామా, మరి నేనెక్కడిదాన్నట?" అంది.

ఇది చదివి నేను లోకల్ రిజర్వేషన్‌కు వ్యతిరేకమని అనుకోకండి. లోకల్ వాళ్లకిచ్చే 95 శాతం పోస్టులు కాదు, ఇంకో రెండు శాతం కలిపినా నాకు అభ్యంతరం లేదు. ఈ ఊరి వాళ్లకు ఆ నిబంధన ఎవరూ ఊరికే ఇవ్వలేదు. 1952లో నాన్-ముల్కీ, అంటే బయటి ప్రాంతాల వాళ్ల నియామకాల మీద ముందుగా రోడ్డెక్కింది వరంగల్, హన్మకొండ విద్యార్థులే. ఆ సెప్టెంబరులో అది హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా పోయింది. 1957లో నివాసాన్ని బట్టి ఉద్యోగాలిచ్చేందుకు పార్లమెంటు చట్టం చేసింది, 1969లో సుప్రీంకోర్టు అందులో తెలంగాణకు పనికొచ్చే సెక్షన్‌ను కొట్టేసింది. మళ్లీ 1973లో 32వ సవరణతో రాజ్యాంగంలోకి 371డి వచ్చింది, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. "మా జిల్లాలో ఉద్యోగం మా పిల్లలకు" అనే ఒక్క మాట నిలబడడానికి రాజ్యాంగాన్నే మార్చాల్సి వచ్చిందన్నమాట.

మార్చాక ఏమైంది? ఆ ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణ జోన్లలో 58,962 మంది చేరారని అధికారుల కమిటీయే లెక్క తేల్చింది. వాళ్లను వెనక్కి పంపాలని 1985 డిసెంబరులో 610 జీవో ఇచ్చారు. గడువు 1986 మార్చి. ఆ గడువు దాటి పదిహేనేళ్లయ్యాక, ఎందుకు పంపలేదో తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. నిబంధన ఉంది, జీవో ఉంది, లెక్క కూడా ఉంది. అమలు చేయాల్సిన కుర్చీల్లో మనుషులూ ఉన్నారు. వాళ్లను నలుగురి ముందు నిలబెట్టి "ఎందుకు చేయలేదు?" అని అడిగే ఏర్పాటే లేదు.

ఇప్పుడైనా ఉందా?

పబ్లిక్ సర్వీస్ కమిషన్ సంగతే చూడండి. జూనియర్ అసిస్టెంటు పోస్టుకు డిగ్రీ కావాలి, పరీక్ష పాస్ కావాలి, కులం సర్టిఫికెట్, బోనఫైడ్, పదో తరగతి మెమో, అన్నింటికీ రెండు సెట్ల జిరాక్సులు. ఆ పరీక్ష పెట్టే కమిషన్‌లో సభ్యుడు కావడానికి ఏం కావాలి? రాజ్యాంగం 316వ అధికరణ తీసి చదివాను. సభ్యుల్లో దాదాపు సగం మందికి కనీసం పదేళ్ల సర్కారు సర్వీసు ఉండాలంది. మిగతా సగానికి ఏ అర్హతా రాయలేదు. గవర్నర్ నియమిస్తారు, అంటే మంత్రివర్గం చెప్పిన పేరుకు సంతకం పెడతారు, ఒక్క పేజీ జీవోతో పని అయిపోతుంది. ఆరేళ్లు, లేదా 62 ఏళ్ల వయసు వచ్చేదాకా. ఈ మధ్య దరఖాస్తులు పిలుస్తున్నారు, మంచిదే. కానీ వచ్చినవాళ్లలో ఈయన్నే ఎందుకు తీసుకున్నారని అసెంబ్లీలో ఒక కమిటీ కూర్చుని ఆయన మొహం మీదే అడిగే పద్ధతి లేదు. పొద్దున పేపర్లో ఫోటో చూస్తే మనకు తెలుస్తుంది.

2022లో 503 పోస్టులకు గ్రూప్-1 వేశారు. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. ఆ పరీక్ష నేను రాయలేదు, నాకు వయసు దాటిపోయింది. కానీ ఆ రోజుల్లో లైబ్రరీ ముందు చాయ్ బండి దగ్గర నిలబడ్డ పిల్లల మొహాలు చూశాను. కమిషన్‌లో కూర్చోబోయే మనిషిని ముందే "పేపర్ ఎవరి కంప్యూటర్లో ఉంటుంది, దాన్ని ఎవరు తెరవగలరు, మీరేం జాగ్రత్త తీసుకుంటారు?" అని ఎవరైనా అడిగి ఉంటే? లీకేజీ ఆగేదని నేను చెప్పలేను. జవాబు మాత్రం రికార్డులో ఉండేది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన ఆలోచన కూడా కాదు. 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో శిబ్బన్‌లాల్ సక్సేనా అనే సభ్యుడు ఒక సవరణ పెట్టారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ పేరును పార్లమెంటు ఉభయ సభలు కలిసి కూర్చుని మూడింట రెండొంతుల ఓట్లతో ఆమోదించాలని అడిగారు. ఆ చర్చలో అంబేద్కరే ఒప్పుకున్నారు, మూర్ఖుడో మోసగాడో ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉండేవాడో ఆ కుర్చీలోకి రాకుండా ఆపే ఏర్పాటు రాజ్యాంగంలో లేదని. సవరణ మాత్రం నెగ్గలేదు. 2023 చట్టంతో ఇప్పుడు ఆ పేరు ఎంపిక చేయడానికి ప్రధాని, ఒక కేంద్రమంత్రి, ప్రతిపక్ష నేత కూర్చుంటున్నారు. ముగ్గురిలో ఇద్దరు ఒకే ఇంటివాళ్లు, ఇక మూడో ఆయన కూర్చుని ఏం లాభం?

ముగ్గురి కమిటీ సరిపోదని మనకు ముందే తెలుసు. కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌గా పి.జె.థామస్‌ను పెట్టినప్పుడు కమిటీలో ఉన్న ప్రతిపక్ష నేత సుష్మా స్వరాజ్ వద్దన్నారు. అయినా పెట్టారు. 2011 మార్చిలో సుప్రీంకోర్టు ఆ నియామకం చెల్లదంది. ఆయన మీద పాత కేసు పెండింగులో ఉన్న సంగతిని లెక్కలోకే తీసుకోలేదని తప్పుపట్టింది. మా పిల్ల బోనఫైడ్‌లో ఒక అక్షరం తేడా ఉంటే వెరిఫికేషన్‌లో పక్కన కూర్చోబెడతారు.

ఇదంతా రాత్రి అన్నం దగ్గర చెప్తే మా చిన్నాయన నవ్వాడు. 1969లో ఆయన డిగ్రీ స్టూడెంటు, తెలంగాణ ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్నాడు. "అరే, గా సభల పెడితే ఏమైతదిరా? మెజారిటీ ఎవనిదుంటె వాడు చేతులు లేపుతడు, అయిపాయె" అన్నాడు. నిజమే. అందుకే సక్సేనా సగం ఓట్లు కాకుండా మూడింట రెండొంతులు అడిగింది, ప్రతిపక్షం కలిస్తే తప్ప పేరు దాటకుండా. అమెరికాలో పెద్ద పదవుల నియామకాలను సెనేట్ ఆమోదించాలి, అక్కడా పార్టీల కొట్లాట ఉంది. బ్రిటన్‌లో 2008 నుంచి కొన్ని పదవులకు పార్లమెంటు కమిటీలు ముందే పిలిచి ప్రశ్నిస్తాయి. కమిటీ వద్దన్నా మంత్రి నియమించవచ్చు. కానీ ఆ మనిషి వచ్చి కెమెరాల ముందు కూర్చుని జవాబు చెప్పాలి. నాకు ఆ మాత్రం చాలు, మొదలంటూ పెడితే. చిన్నాయన ఇంకో ముద్ద కలుపుకుని "నా పానం ఉండంగ అయ్యేది కాదు తీయ్" అన్నాడు.

ఇంకో సంగతి. ఈ 95 శాతం రాష్ట్ర సర్కారు పోస్టుల వరకే. కాజీపేటలో రైల్వే ఫ్యాక్టరీ కడుతున్నారు, 1980లలో కోచ్ ఫ్యాక్టరీ కపుర్తలాకు తరలిపోయిన బాధ మీద కొంత మందు. అందులో లోకల్ వాళ్లకే ఉద్యోగాలివ్వాలని ధర్నాలు చేస్తున్నారు. కానీ రైల్వే భర్తీ దేశమంతటికీ ఒకటే. నివాసాన్ని బట్టి సర్కారు ఉద్యోగం ఇచ్చే చట్టం చేసే అధికారం 16(3) కింద పార్లమెంటుకు మాత్రమే ఉంది. టెంటు వేయాల్సింది కాజీపేట చౌరస్తాలో కాదు, మన ఎంపీల ఇంటి ముందు. ములుగులో గిరిజన యూనివర్సిటీకి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం తెలిపింది. అదీ కేంద్రానిదే, కాబట్టి రేపు అక్కడ పోస్టులు వేస్తే ఇదే కథ.

ఔట్‌సోర్సింగ్ గురించి మొదలుపెడితే తెల్లారుతుంది. అక్కడ బోనఫైడ్ లేదు, రోస్టర్ (రిజర్వేషన్ల వరస) లేదు, పరీక్ష అసలే లేదు. మా గల్లీలో ఒకతను సెక్యూరిటీ గార్డు పోస్టు కోసం ఏజెన్సీ వాళ్లకు లక్షన్నర ఇచ్చాడు. ఎనిమిది నెలలకు ఏజెన్సీ మారింది, కొత్తవాళ్లు మళ్లీ అడిగారు. ఎవరికని ఫిర్యాదు చేస్తాడు?

సరే, పోస్టు పెద్దదైంది. అసలు పని చెప్తాను. హన్మకొండలో కరోనా తర్వాత మూతపడ్డ ప్రైవేటు బడుల రికార్డులు ఎక్కడ అప్పజెప్పారో, ఎవరి దగ్గర ఉన్నాయో తెలిసినవాళ్లు ఇన్‌బాక్స్‌కు రండి, బడి పేరు అక్కడ చెప్తాను. వెరిఫికేషన్ ఈ నెలలోనే. సోమవారం పొద్దున మేమిద్దరం మళ్లీ ఆ ఆఫీసు మెట్ల మీదే ఉంటాం, రెండు సెట్ల జిరాక్సులతో.