ఎంటెక్‌కి థీసిస్ తప్పనిసరా?

(అంశం: ఎంటెక్ స్ట్రక్చర్స్‌లో (కట్టడాల డిజైన్ చదువు) రెండో ఏడాదంతా థీసిస్‌కే పోతోంది. బదులుగా కంపెనీలో చేసిన ప్రాజెక్టు రిపోర్టు ఇస్తే డిగ్రీ ఇవ్వచ్చా? హైదరాబాదులో ఒక స్ట్రక్చరల్ కన్సల్టెంట్‌కీ, ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్‌కీ మధ్య వాదన.)

కన్సల్టెంట్: మేడం, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) 2018 నమూనా సిలబస్‌లో 68 క్రెడిట్లయితే, డిసర్టేషన్‌కే, అంటే థీసిస్‌కే, 26. అంత పెట్టి చేసేదేంటి? కాంక్రీటులో ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిపి, క్యూబులు పోసి పగలగొట్టడం. అదే పిల్లవాణ్ణి కోకాపేట టవర్ డిజైన్‌లో కూర్చోబెడితే, షియర్ వాల్ (భూకంపం తోపుని తట్టుకునే గోడ) ఎక్కడుంటే అంతస్తు డ్రిఫ్ట్, అంటే పక్కకి జరగడం, అంతస్తు ఎత్తులో 0.004 వంతు దాటదో తెలుస్తుంది.

ప్రొఫెసర్: దాటలేదని సాఫ్ట్‌వేర్ చెప్తుంది సార్. పగుళ్లొచ్చిన సెక్షన్‌కి మొమెంట్ ఆఫ్ ఇనర్షియా (వంగకుండా నిలబెట్టే కొలత) కాలమ్‌కి 70 శాతం, బీమ్‌కి 35 శాతం ఎందుకు తీసుకున్నావని వైవాలో అడగండి. "ఆఫీసు టెంప్లేట్‌లో అలాగే ఉంది" అంటాడు. ఆ 35ని 50 చేస్తే డ్రిఫ్ట్ ఎంత మారుతుందో నడిపి చూశాడా? చూసుంటే అదే థీసిస్. నేనడిగేది అదొక్కటే.

కన్సల్టెంట్: మరి మీ క్యూబుల వాళ్లు ఎందుకని అడుగుతున్నారా? ఇసుక తడి కూడా చూడరు.

ప్రొఫెసర్: చూడనివాళ్లున్నారు, అదే నా బాధ. లెక్క వేయండి. ఐదు మిక్సులు, 7, 28, 90 రోజులు, ఒక్కో వయసుకి మూడు క్యూబులు. మొత్తం 45. ఒక్కో మిక్స్‌కి 150 మి.మీ. క్యూబులు తొమ్మిది, వృథాతో కలిపి 35 లీటర్ల కాంక్రీటు. క్యూబిక్ మీటరుకి 400 కిలోల బైండర్ (సిమెంటు, ఫ్లైయాష్ కలిపి), 160 లీటర్ల నీళ్లనుకుంటే ఈ మిక్స్‌లో నీళ్లు 5.6 లీటర్లు. ఇసుక 24 కిలోల దాకా పడుతుంది. అందులో 2 శాతం తడి పట్టించుకోకపోతే అర లీటరు నీళ్లు అదనంగా చేరినట్టే. 0.40 అనుకున్న నీళ్లు-బైండర్ నిష్పత్తి 0.43 దాటిపోతుంది. బలం తగ్గితే ఆ నేరం ఫ్లైయాష్ మీదికి పోతుంది!

కన్సల్టెంట్: క్యూబులు నొక్కి పగలగొట్టే మిషన్ దగ్గర ఇంకో తంతు.

ప్రొఫెసర్: అవును. లోడు నిమిషానికి 14 న్యూటన్లు పర్ చదరపు మిల్లీమీటరు పెరగాలి, అంటే ఈ క్యూబుకి 315 కిలోన్యూటన్లు. తొందరపడి వాల్వు తిప్పితే బలం ఎక్కువ చూపిస్తుంది. క్యూబు ఆరిపోయాక పెట్టినా అంతే. క్యూబులు నానబెట్టే ట్యాంకు నీళ్లు 27 డిగ్రీలకు రెండు అటూ ఇటూ ఉండాలి. మే నెలలో రేకుల షెడ్డు కింద ఉంటాయా? అందుకే క్యూబుల పోత మూడో సెమిస్టర్‌లోనే అయిపోవాలంటాను. ఫ్లైయాష్ నెమ్మదిగా పనిచేస్తుంది, 90 రోజుల ఫలితం లేకపోతే దాని సంగతి సగమే తెలిసినట్టు. ఫిబ్రవరిలో పోస్తే ఆ ఫలితం మేలో గానీ రాదు. అప్పటికి రిపోర్టు బైండింగుకి వెళ్తుంటుంది, అంకెలు ఊహించి రాసేస్తారు.

కన్సల్టెంట్: ఊహించే కష్టం కూడా ఎందుకు, అమీర్‌పేటలో థీసిస్‌లే రెడీమేడ్‌గా దొరుకుతుంటే! అందుకే అంటున్నాను, కంపెనీ ప్రాజెక్టు కొనలేరు.

ప్రొఫెసర్: కొనలేరు, కానీ చూపించలేరు కూడా. డ్రాయింగులు రహస్యమంటారు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు ఏం పెడతాడు? రెడీమేడ్‌కి మందు ఉంది: పోత తేదీ, తూకాలు, విరిగిన లోడు ఎప్పటికప్పుడు పెన్నుతో రాసిన రిజిస్టరు. ఒక్క క్యూబు సగటుకి 15 శాతం దూరం పోతే కొట్టేయకుండా కారణం రాయాలి. సాఫ్ట్‌వేర్ పనైతే ప్రతి రన్ ఇన్‌పుట్ ఫైలూ ఉండాలి. వేరే రచనలతో పోలిక శాతం ఒక్కటే చూస్తే లాభం లేదు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం లోపు పోలికకి శిక్ష లేదు, నిజమే. కల్పించిన అంకెలకి పోలిక సున్నాయే వస్తుంది!

కన్సల్టెంట్: పత్రికలో పరిశోధన పేపర్ వేయాలన్న షరతు?

ప్రొఫెసర్: తీసేయమనే నా మాట. నమ్మదగ్గ పత్రికలంటూ పెట్టిన కేర్ జాబితా కూడా 2025లో యూజీసీయే వదిలేసింది. డబ్బు కడితే వారంలో వేసే పత్రికలకే పిల్లలు పోతున్నారు.

కన్సల్టెంట్: సరే. మా దగ్గర పనిచేసే కుర్రాడు ఇన్‌పుట్ ఫైళ్లు, తన ప్రశ్న, ఐదారు రన్‌లు తెస్తే ఒప్పుకుంటారా?

ప్రొఫెసర్: సైటు పేరు, క్లయింటు పేరు తీసేసి, ఏ డేటా చూపొచ్చో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిస్తే ఒప్పుకుంటాను. ఆ ఉత్తరం థీసిస్ మొదటి దశ (ఫేజ్-1) రిజిస్ట్రేషన్ నాడే కావాలి.

కన్సల్టెంట్: క్లయింట్లలో చాలామంది ఇవ్వరు మేడం.

ప్రొఫెసర్: ఇవ్వకపోతే అదే బిల్డింగు లాంటి ఊహాత్మక ప్లాన్ మీద చేయమనండి. కొలతలు మార్చినా ప్రశ్న మారదు కదా.