ల్యాబు దాటి చెల్కలోకి రావాలి

యాసంగి కరిగెట్లు మొదలయ్యాయంటే పరకాల, హుజూరాబాద్ వైపు వెల్డింగ్ షాపులకు అరిగిన రోటావేటర్ బ్లేళ్లు వచ్చి పడతాయి. ముందు కొన సన్నబడుతుంది, తర్వాత వంపు దగ్గర మందం పోతుంది. ఆఖరికి బ్లేడు మట్టిని తిరగేయడం మానేసి గీరుకుంటూ పోతుంది. ట్రాక్టర్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, రైతు మళ్లీ సెట్టు కొనాలి. ఈ ఖర్చును సాగు లెక్కల్లో ఎవరూ విడిగా రాయరు.

కారణం మన నేలలోనే ఉంది. చెల్క, దుబ్బ నేలల్లోని ఇసుక చాలావరకు క్వార్ట్జ్, అంటే పలుగురాయి. గట్టిదనాన్ని కొలిచే విక్కర్స్ లెక్కలో అది 1000 దాటుతుంది. వేడిచేసి చల్లార్చి బాగా గట్టిపరిచిన బ్లేడు ఉక్కు కూడా 500 దగ్గర ఆగిపోతుంది. థర్మల్ కేంద్రాల్లోనూ శత్రువు ఇదే. మన బొగ్గులో సాధారణంగా 30 నుంచి 45 శాతం బూడిదే. చెల్పూరులోనైనా, రామగుండంలోనైనా ఆ బూడిదలోని క్వార్ట్జ్ రేణువులు పొగతో పాటు దూసుకొచ్చి బాయిలర్ ట్యూబుల బయటి గోడను తినేస్తాయి. ఒక్క ట్యూబు చిల్లుపడినా యూనిట్ ఆపాల్సిందే. పూర్తి సామర్థ్యంతో నడిచే 500 మెగావాట్ల యూనిట్ ఒక రోజు నిలిస్తే పోయే కరెంటు కోటీ 20 లక్షల యూనిట్లు.

దీనికి విరుగుడు వెతికే పని మన ఊళ్లోనే జరుగుతోంది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (ఆర్‌ఈసీ)గా పుట్టిన వరంగల్ నిట్‌లో అరుగుదలను తట్టుకునే పూతలు, కొత్త లోహమిశ్రమాల మీద పరిశోధనలు సాగుతున్నాయి. టంగ్‌స్టన్ కార్బైడ్, క్రోమియం కార్బైడ్ వంటి పొడులను మంటలో వేడిచేసి, ధ్వనిని మించిన వేగంతో లోహం మీదికి చిమ్మడం ఇందులో ఒక పద్ధతి. మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని ఆ పొర భాగం ఆయుష్షును ఎన్నో రెట్లు పెంచగలదు. అయితే ఒకే పూత అన్నిచోట్లా పనికిరాదు. టంగ్‌స్టన్ కార్బైడ్ సుమారు 500 డిగ్రీలు దాటితే నిలవదు, అక్కడ క్రోమియం కార్బైడ్ కావాలి. ఓపెన్‌కాస్ట్ గనిలో బండను ఢీకొట్టే షావెల్ (తవ్వే యంత్రం) బకెట్ పళ్లకు మరీ గట్టి పూత వేస్తే పెచ్చులూడిపోతుంది.

మా ఆవేదన ఇక్కడే. ల్యాబులో పొడి ఇసుక పోస్తూ నమూనాను రబ్బరు చక్రానికి ఒత్తి, ఎన్ని మిల్లీగ్రాములు తగ్గిందో తూస్తారు. పరీక్ష మంచిదే. కానీ కరిగెట బురదలో నీళ్లుంటాయి, రాళ్లుంటాయి. పరిశోధన పత్రం ఇంగ్లిష్ జర్నల్‌లో అచ్చవుతుంది, పరకాల వెల్డర్‌కు చేరదు. అతను తనకు తోచిన ఆంపియర్లు పెట్టి హార్డ్ ఫేసింగ్ రాడ్‌తో, అంటే గట్టి లోహపు పొర వేసే వెల్డింగ్ రాడ్‌తో, పూస (వెల్డింగ్ గీత) వేస్తాడు. వేడి ఎక్కువైతే పూస పక్కనున్న ఉక్కు మెత్తబడి బ్లేడు పొలంలో వంగిపోతుంది. తప్పు అతనిది కాదు, చెప్పినవాళ్లు లేరు. పైగా బ్లేడు ధర కంటే ఖరీదైన పూతను రైతుకు చూపించి లాభం లేదు. అతనికి కావాల్సింది ఏ రాడ్, ఎంత కరెంటు, పూస ఎక్కడ వేయాలో తెలుగులో రాసిన ఒక్క కాగితం.

హైదరాబాద్ బాలాపూర్‌లోని పదార్థ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, పేలుడు వేగంతో పొడిని చిమ్మే తన డిటోనేషన్ స్ప్రే పూత పరిజ్ఞానాన్ని ప్రైవేటు పారిశ్రామికవేత్తలకు అందించింది. కాబట్టి దారి తెలియనిదేమీ కాదు. వార్షిక మరమ్మతులకు యూనిట్ ఆపినప్పుడు కొన్ని ట్యూబులను విశ్వవిద్యాలయాల పూతలకు వదలాలని జెన్‌కోను, షావెల్ బకెట్ పళ్ల మీద ప్రయోగాలకు చోటివ్వాలని సింగరేణిని కోరుతున్నాం. ప్రొఫెసర్ల పదోన్నతుల్లో పత్రాలతో పాటు క్షేత్ర ప్రయోగాలకూ మార్కులుండాలి. నిట్ అయితే ఈ యాసంగికే మొదలుపెట్టొచ్చు: ఒకే రోటావేటర్‌కు సగం పూస వేసిన బ్లేళ్లు, సగం మామూలువి బిగించి, సీజన్ అయ్యాక తూచి, ఎంత అరిగిందో, ఎంత ఖర్చయిందో మండలాల వారీగా తెలుగులో వెల్లడించాలి.